వేసవి సెలవులలో పని నేర్చుట

కళాశాలలకు వేసవి సెలవులు వచ్చుటకు ఇంకను కొన్ని నెలల వ్యవధి యున్నది. ఇప్పటి నుండియే ఈ ప్రసంగ మెందుకని పాఠకులు తలంపవచ్చును. పరీక్షలు ముగిసి ఇల్లు చేరిన పిమ్మట పని వెదకుకొను విద్యార్థికి ఆ సెలవులలో పని దొరకుట అరుదు. అందుచేతనే ముందుగా వ్రాయుచున్నాము.

మన పుదూరు ప్రాంతము వానను నమ్ముకొన్న నల్లరేగడి నేల. మిరప, మినుము, ధనియాలు పండిన యేడు కళాశాల రుసుము చెల్లును. పండని యేడు విద్యార్థియే సెలవులలో అగ్గిపెట్టెల కర్మాగారమునకో, బాణసంచా పనికో పోయి కూలి తెచ్చుకొనును. దానిని మేము నిందింపము. అయినను పదునెనిమిదేండ్లు నిండనివారిని మండెడి, ప్రేలెడి పదార్థముల పనిలో పెట్టుట 2016లో సవరింపబడిన చట్టము ప్రకారము నేరము. కళాశాలలో మొదటి సంవత్సరము చదువువారిలో పదునేడేండ్లవారును కలరు. పైగా ఆ కూలి రుసుమునకు చాలునేమో గాని, చదివిన చదువునకు దానివలన చేకూరున దేమియు లేదు. పోనీ, జీతము లేని శిక్షణకై చెన్నపట్టణమో కోయంబత్తూరో పొమ్మని చెప్పుట సులభమే. అచ్చటి గది యద్దెయు భోజనపు ఖర్చును ఎవరు భరింతురు?

కావున దగ్గరనే వెదకవలయునని మా యభిప్రాయము. కోవిల్‌పట్టిలో 1901లో స్థాపింపబడిన వ్యవసాయ పరిశోధన కేంద్రము కలదు. మన మెట్టపంటలే దాని పని. వృక్షశాస్త్రము చదువువారు తమ కళాశాల ద్వారా అచ్చటి అధికారికి వ్రాసి అడుగవచ్చును. నూలు మిల్లులలో యంత్రశాస్త్ర విద్యార్థికి నేర్చుటకు కొదువ లేదు. విరుదునగరపు మండీలో వాణిజ్యశాస్త్ర విద్యార్థి రెండు నెలలు కూర్చుండి సరకుల రాకపోకలు, 2017 నుండి అమలులోనున్న జి.ఎస్.టి. లెక్కలు వ్రాసినచో, తరగతిలో విన్నది అప్పుడు బోధపడును. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి కడలైమిఠాయి చేయువారికి కంప్యూటరు తెలిసిన కుఱ్ఱవాడు సరకు పట్టికలు, దూరప్రాంతపు బేరములు చక్కపెట్టి యీయవచ్చును. ఇట్టి చోట్ల బస్సు ఛార్జియు, కొంత బత్తెమును అడుగుటకు మనవారు సిగ్గుపడుదురు. సిగ్గు పడనక్కరలేదు.

ఇంట తెలుగు మాటాడుచు ఆ లిపి చదువనేరని పిల్లలు మనలో పెక్కురు. గుంటూరుతో మిరప బేరము గల వర్తకునికి తమిళము, తెలుగు, ఆంగ్లము మూడును చదువగల విద్యార్థి ఎంత అక్కరకు వచ్చునో వేరుగ చెప్పనేల?

మామ చెప్పినాడు, పెదనాన్న చెప్పినాడు అని పోవుట మన యలవాటు. వారి మాట సాయమే. కాని ఉత్తరము విద్యార్థి తన పేరనే, ఒక్క పుటలో వ్రాయవలయును. చదువుచున్న తరగతి, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు రాగలడు, ఏ పని చేయగలడు అను విషయములు అందుండవలయును. శాఖాధిపతి సంతకము గల కళాశాల పత్రమును జతపరుపవలయును. పదునైదు దినములలో జవాబు రానిచో స్వయముగ వెళ్లి చూడవలయును. పని ముగిసిన నాడే, చేసిన పనిని వివరించు ధ్రువపత్రము వ్రాయించుకొనవలయును. ధనము పుచ్చుకొని శిక్షణ యిత్తుమను ప్రకటనల జోలికి పోరాదు; వారు అమ్మునది కాగితమే.

తమిళనాడు ప్రభుత్వము 2022లో ఆరంభించిన ‘నాన్ ముదల్వన్’ పథకమును గూర్చి కళాశాలలోనే విచారింపవచ్చును. 2024లో వచ్చిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకము మాత్రము, ఆరంభ నిబంధనల ప్రకారము, పూర్తికాలము చదువుచున్నవారికి ఉద్దేశింపబడినది కాదు. దానిని నమ్ముకొని సెలవులు పోగొట్టుకొనరాదు.

ఆడుబిడ్డలను పంపుటకు సంశయించు తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురిని ఒక్కచోటికే పంపు ఏర్పాటు చేసికొనవచ్చును. ముందొకసారి తామే వెళ్లి ఆ స్థలమును చూచి వచ్చుట మంచిది.

మన సంఘసభ్యులలో మండీలు, మిల్లులు, కార్యాలయములు నడుపువారు కలరు. ఈ వేసవిలో తాము ఎందరిని చేర్చుకొనగలరో, ఏమి బత్తె మీయగలరో మాకు వ్రాసినచో రాబోవు సంచికలలో ప్రకటింతుము.