తెర మీది హెర్క్యులస్ – మన కోడి రామ్మూర్తి

మన రేకు పెట్టెల మూత లోపల చొక్కా విప్పిన హీరో ఫొటో అంటించుకోనివాళ్లు ఎందరున్నారు? అది తప్పని నేను అనను. కాని ఆ కండల కోసం మెస్‌లో అన్నం సగానికి తగ్గించి, ఇంటి నుండి తెచ్చుకున్న డబ్బులను పౌడరు డబ్బాలకు పోసేవాళ్లను చూస్తే మాత్రం కోపం వస్తుంది. కండలతో సినిమా హీరో అయిన తొలితరం మనిషి ఎట్లా బతికాడో వాళ్లు ఒకసారి చదవాలి.

స్టీవ్ రీవ్స్ 1926లో అమెరికాలోని మోంటానాలో పుట్టాడు. పసితనంలోనే తండ్రి పొలం పనిలో ప్రమాదం జరిగి చనిపోయాడు. తల్లితో కాలిఫోర్నియా చేరి, హైస్కూల్లో ఉండగానే బరువులెత్తడం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశాడు. 1947లో మిస్టర్ అమెరికా, 1950లో మిస్టర్ యూనివర్స్ అయ్యాడు. అంతటివాణ్ణి కూడా సినిమా వెంటనే నెత్తిన పెట్టుకోలేదు. సామ్సన్ వేషానికి దర్శకుడు సెసిల్ డిమిల్ పరిశీలించాడు గాని బరువు తగ్గమన్నాడు. చివరికి ఆ వేషం ఇంకొకరికి పోయింది. ఇటలీలో తీసిన 'హెర్క్యులస్' 1958లో వచ్చాకే లోకమంతా గుర్తుపట్టింది. మిస్టర్ అమెరికా అయిన 11 ఏళ్లకు! ఆ తర్వాత ఒక షూటింగులో రథం చెట్టుకు గుద్దుకొని భుజం దెబ్బతిన్నది. 1968 తర్వాత సినిమాలు మానేసి గుర్రాలు పెంచుకుంటూ బతికాడు. 2000లో చనిపోయేదాకా కండల కోసం మందులు వాడటాన్ని వ్యతిరేకించాడు.

నిజానికి హెర్క్యులస్ అనే పేరు అంతకు చాలా ముందే మనవాడికి వచ్చింది. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. అంటే మన పీఈటీ సారు లాంటివారే! తర్వాత సర్కస్ పెట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నారు, ఇనుప గొలుసులు తెంచారు. అప్పటి జనానికి సర్కసే సినిమా. 'కలియుగ భీముడు', 'ఇండియన్ హెర్క్యులస్' అన్నారు. ఆయన తిన్నది శాకాహారం, నమ్ముకున్నది ప్రాణాయామం. చివరి రోజుల్లో కాలు తీసేయవలసి వచ్చింది. 1942లో కన్నుమూశారు.

ఇద్దరి కండలూ ఏళ్ల తరబడి చేసిన కష్టానివి. ఇప్పుడు మూడు నెలల్లో కావాలంటున్నారు! స్టెరాయిడ్ ఇంజెక్షన్లు గుండెను, కాలేయాన్ని పాడుచేస్తాయి. మన పెద్దపల్లి పిల్లలకు ఒళ్లంటే ఫొటో కోసం కాదు, పోలీసు, ఆర్మీ సెలక్షన్ల కోసం. అక్కడ 1600 మీటర్లు ఉరికేటప్పుడు చేతి కండను ఎవరు చూస్తారు? రైస్‌మిల్లులో బస్తాలు మోసే మన నాయినల వీపులు ఏ పౌడరుతో గట్టిపడ్డాయి?

వార్షికోత్సవానికి వచ్చే పెద్దలు "మీకేం కావాలి బాబూ?" అని మైకులో అడుగుతారు గదా. ఈసారి అందరం ఒక్క మాట మీద నిలబడి, షామియానా ఖర్చు కొంత తగ్గించైనా సరే, మన ఆవరణలో ఒక సింగిల్ బారు, ఒక డబుల్ బారు పాతించమని అడుగుదాం.