పేరునకు పట్టా

పట్టా లేని భూమి బలవంతునిది యని మన పెద్దలు చెప్పుదురు. ఈ సత్యమును మెదకు సీమ రైతునకు వేఱుగ బోధింప నక్కఱలేదు. 2020 అక్టోబరులో ధరణి వచ్చినప్పుడును, 2025 ఏప్రిలులో దాని స్థానమున భూభారతి వచ్చినప్పుడును, పత్రములో ఒక యక్షరము తప్పిన యెడల కచేరీల చుట్టు నెన్ని మాఱులు తిరుగవలెనో పటాన్‌చెరు, జిన్నారం ప్రాంతముల వారెల్లరు నెఱుగుదురు. భూమి విషయమున నింత మెలకువ గల మనవారు, నేడు భూమివలెనే వెలకట్టబడుచున్న మఱియొక యాస్తి విషయమున నిద్రించుచున్నారు. ఆ యాస్తి పేరు.

అంతర్జాలమున ప్రతి దుకాణమునకు, ప్రతి కార్ఖానాకు, ప్రతి కచేరికి నొక చిరునామా కలదు. దానినే డొమైను పేరందురు. ఊరూర నొక శ్రీనివాస కిరాణా దుకాణ ముండవచ్చును. దానివలన నెవరికిని తగవు లేదు. అంతర్జాలమున నట్లు గాదు. ఒక పేరు, దాని వెనుకటి తోకతో గూడ, ప్రపంచమునందంతటను ఒక్కరికే చెల్లును. ముందు వ్రాయించుకొన్నవానిదే పేరు. 1985 మార్చి 15వ తేదీన డాట్ కామ్ అను తోక క్రింద మొదటి పేరు నమోదయ్యెను. నేడా యొక్క తోక క్రిందనే పదునైదు కోట్లకు మించిన పేళ్లున్నవి. ఇంగ్లీషు నిఘంటువులోని పొట్టి మాటలన్నియు నేనాడో అన్యుల పాలైనవి. వానిలో ననేకములు వ్యాపారము నడుపుటకు గాక, యెక్కువ వెలకు మాఱు బేరము చేయుటకే కొని యుంచబడినవి.

ఈ సంగతి మన జిల్లాకు దూరమైనది గాదు. పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం పరిశ్రమవాడలలో పెద్ద మందుల కార్ఖానాల నీడను బ్రతుకు చిన్న సంస్థ లెన్నియో కలవు. యంత్రభాగములు చేయువారు, అట్టపెట్టెలు కట్టువారు, రసాయనములు సరఫరా చేయువారు, భోజనము లందించువారు మున్నగువా రందఱును పరదేశపు కొనుగోలుదారు కంట బడవలెనన్న చిరునామా కావలెను. వీరి ఫిర్యాదు లొక్కటే: మంచి పేళ్లన్నియు నయిపోయినవి. ఇందు కొంత నిజమున్నది. కొంత నిరాశ మాత్రమే. ఈ నిరాశచే జరుగు పొరపాటులు రెండు. కొందఱు తమకు స్వంతమగు పేరే లేక, ఉచితముగ దొరకు మెయిలు పెట్టెతోను, సెల్‌ఫోను సందేశములతోను కాలము గడపుచున్నారు. ఇది పరుని యరుగుపై దుకాణము పెట్టుట వంటిది. యజమాని తలుపు మూసిన నాడు మన సరకు వీధిలో నుండును. మఱికొందఱు పేరు తీసికొనిరి గాని, దాని నమోదు వెబ్‌సైటు చేసిపెట్టిన మధ్యవర్తి పేరనే యున్నది. సొమ్ము వీరిది, పట్టా వానిది. ఆ మధ్యవర్తితో మాట పట్టింపు వచ్చిన నాడు పదేండ్లు పెంచుకొన్న పేరు పోవును. భూమి కొని పట్టా దళారి పేర వ్రాయించు రైతు మన జిల్లాలో నొక్కడైన నుండునా?

ఇంకొక ముచ్చట గూడ జ్ఞాపకముంచుకొనవలెను. డొమైను పేరు శాశ్వతమగు హక్కు గాదు, అది కౌలు. ఒక యేటినుండి పదియేండ్లవఱకు మాత్రమే దానిని వ్రాయించుకొన వచ్చును. గడువు దీఱకమున్నే మరల రుసుము కట్టవలెను. డాట్ కామ్ వంటి వానియందు గడువు దాటిన పిమ్మట కొలదిదినములు మన్నింపు కలదు. తరువాత ముప్పది దినములు హెచ్చు జరిమానాతో విడిపించుకొనవచ్చును. ఆపైన నైదు దినములకు పేరు బజారున బడును. అట్లు బడు పేళ్లకై రేయింబవళ్లు యంత్రములను కాపుంచిన వ్యాపారులున్నారు. నీరు కట్టిన మడికి గండి పడినట్లు, ఒక్కనాటి యేమఱుపాటున యేండ్ల కృషి పొరుగుచేలోనికి బోవును.

మన దేశపు తోకయగు డాట్ ఇన్ చరిత్ర గమనింపదగినది. అది 1989లో మన దేశమునకు కేటాయింపబడెను. నిబంధనలు కఠినములగుటచే 1992 నుండి 2004 వఱకు దాని క్రింద నమోదైన పేళ్లు సుమారు ఏడువేలు మాత్రమే. 2005 జనవరిలో నిక్సీ యను సంస్థ చేతులమీదుగా ద్వారములు తెఱువబడిన పిమ్మట పేళ్లు వెల్లువగ వచ్చిపడెను. డాట్ కామ్ కంటె ఇరువదియేండ్లు ఆలస్యముగ తెఱచిన వాకిలి యగుటచేత, అచ్చట దొరకని మంచి పేళ్లు ఇచ్చట నింకను దొరకుచున్నవి. సామాన్యమగు పేరునకు ఏటి ఖర్చు ఒక డి.ఏ.పి. ఎరువు మూట వెలకు మించదు. డాట్ కామ్ లేనిదే గౌరవము లేదనుట వట్టి భ్రమ. పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ డాట్ ఆర్గ్ తోకతోను, ఈనాడు పత్రిక డాట్ నెట్ తోకతోను లోకమునకు దెలిసియున్నవి.

ఇక మంచి పేరు దొరకుట యెట్లు? ఇందులకు మనవారి చరిత్రయందే యొక పాఠము కలదు. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ వారి శాఖయగు సత్యం ఇన్ఫోవే, తన పేరులోని యక్షరముల నేర్చి 'సిఫీ' యను మాటను కల్పించుకొనెను. 1999లో దానితో కూడిన డొమైను పేళ్లను నమోదు చేయించెను. 2001లో మఱియొక సంస్థ 'సిఫ్ఫినెట్' అను పేరు తీసికొనగా వ్యాజ్యము నడచెను. బెంగుళూరు కోర్టు సత్యం వారి పక్షమున నుత్తర్వు నిచ్చెను. కర్ణాటక హైకోర్టు దానిని త్రోసివైచెను. 2004 మే 6వ తేదీన సుప్రీంకోర్టు మరల సత్యం వారికే జయము నిచ్చెను. డొమైను పేళ్లకై ప్రత్యేకమగు శాసనము మన దేశమున లేకున్నను, ఒకరి సరకును మఱియొకరి సరకుగా చెలామణి చేయరాదను పాత న్యాయమే వీనికిని వర్తించునని యా తీర్పు స్థిరపఱచెను. 2009లో మాతృసంస్థ కెట్టి యపకీర్తి వచ్చెనో యది వేఱు కథ. ఈ తీర్పు మాత్రము దేశమునకు దక్కినది. 'సిఫీ' యను మాటకు ఏ నిఘంటువునను అర్థము లేదు. అదియే దాని బలము. మందు, గింజ, ఇనుము అను సరకుల పేళ్లనే డొమైనుగా గోరువాడు వేయిమందితో పోటీపడవలెను. దొరికినను న్యాయస్థానమున దానిని నిలుపుకొనుట కష్టము. తానుగ గూర్చుకొన్న మాట చౌకగ దొరకును, గట్టిగ నిలుచును.

మాటలు గూర్చుటలో తెలుగుభాషకు కొఱత యేమి? రెండు చిన్న పదములను సమాసముగ జేర్చి క్రొత్త పేరు పుట్టించుట మనకు వెన్నతో బెట్టిన విద్య. మన పూర్వులు చెఱువునకు, తోటకు, పొలమునకు వేర్వేఱు పేళ్లు పెట్టిరి. ఆ సంపద నంతయు నటకపై బడవైచి, ఇంగ్లీషు మాటల సంతలో మిగిలిన తాలుగింజల నేఱుకొనుట యేల? ఊరి పేరును చేయు పనిని గలిపినచో పేరు దొరకుటయు సులభము, వినినవానికి సంగతి తెలియుటయు సులభము.

అయితే తెలుగు పేరును రోమను లిపిలో వ్రాయుటయందు చిక్కున్నది. జిన్నారమున నకారము లొకటియా, రెండా? సంగారెడ్డి తుది నే యక్షరము? గడ్డపోతారములో తకారమునకు హకారము జోడింపవలెనా? పటాన్‌చెరు తుదిని 'చెరు' అని విడుతుమా, 'చెరువు' అని సాగింతుమా? దొరలు ఏలూరును ఎల్లోరనియు, విశాఖపట్టణమును వైజాగపటమనియు వ్రాసికొన్న కాలము పోయెను; రాజమండ్రి 2015లో మరల రాజమహేంద్రవరమయ్యెను. మన నోటి పేరును మనమే నాలుగు విధముల వ్రాయుచున్నంతకాలము, మూడు విధములు మోసగానికి విడిచినట్లే. కావున పేరు నిర్ణయింపకమున్ను టెలిఫోనులో నొకసారి చెప్పి, వినినవానిని వ్రాయుమనుడు. ముగ్గురు మూడు తీరుల వ్రాసిరేని యా పేరును విడువుడు. అంకెలను, నడుమ నడ్డగీతలను వాడకుడు. ట్రేడ్‌మార్కుల పట్టికలో నా పేరు పరుల దగునేమో చూడుడు. పేరు పాతదైనచో పూర్వమందు దానితో జూదమో, మోసమో నడచెనేమో పరిశీలింపుడు. చెడిన పేరు శుభ్రపడుట చెడిన చెఱువు శుభ్రపడినంత కష్టము. తుదకు తప్పక మీ పేరను, మీ మెయిలుతో, మీ ఫోనుతో నమోదు చేయింపుడు.

రోమను లిపి చిక్కునకు మందు మన లిపియే. 2011లో తెలుగు లిపిలోని డాట్ భారత్ తోక ప్రపంచపు మూలపట్టికలో చేరెను. తెలుగున జిన్నారం అని వ్రాసి, చుక్క పెట్టి, భారత్ అని వ్రాసినచో చిరునామా యగును. యంత్రము తనలో దానిని రోమను సంకేతముగ మార్చుకొనును. ఇందులోను మెలకువ కావలెను. పటాన్‌చెరు అను మాటను సరిగ వ్రాయుటకు పొల్లు నకారము తరువాత కంటికి గనబడని విభజనాక్షరము నొకదానిని చేర్చవలెను. లేనిచో నకారము క్రింద చకారము వత్తుగ దిగును. 2003 నాటి నిబంధనలు ఆ యదృశ్యాక్షరమును తీసివేసెను. 2010 నాటి నిబంధనలు కొన్ని తావుల దాని నంగీకరించెను. అట్టి మెలిక లేని జిన్నారం, సంగారెడ్డి వంటి మాటలే క్షేమము. ఇప్పటికిని ననేక కచేరీల దరఖాస్తులలో తెలుగు చిరునామాను యంత్రము తిరస్కరించుట గలదు. కావున రోమను పేరును విడువక, తెలుగు పేరును గూడ తీసికొనుట వివేకము.

వ్యక్తుల కర్తవ్య మింతవఱకు. ప్రజాసంస్థలకును, ప్రభుత్వమునకును కర్తవ్యము లేదా? పేరు తక్కువ సొత్తనుకొనువారు అంగ్విల్లా యను చిన్న ద్వీపమును చూతురు గాక. దాని దేశపు తోక డాట్ ఏఐ. కృత్రిమమేధ వ్యాపారము పెరుగుటతో ఆ తోకకు గిరాకి వచ్చి, 2023లో ఆ దీవికి 3 కోట్ల 20 లక్షల డాలర్ల యాదాయము, అనగా ప్రభుత్వ రాబడిలో ఐదవ వంతునకు మించి, చేకూరెను. స్పెయిను దేశములోని కాటలాను భాషీయులు 2005లోనే తమ భాషకు డాట్ క్యాట్ అను తోకను సాధించుకొనిరి. 2011 జనాభా లెక్కలలో ఎనిమిది కోట్లకు మించిన తెలుగువారికి తమ భాష పేర నట్టి తోక లేదు. 2012లో క్రొత్త తోకకు దరఖాస్తు రుసుము 1,85,000 డాలర్లు. 2026 విడతకు నిర్ణయించినది 2,27,000 డాలర్లు. ఒక పేదవానికిది పెద్ద మొత్తమే. రెండు తెలుగు ప్రభుత్వములకు గాదు.

అంతకన్న ముందు చేయదగిన చౌక పని యొకటి కలదు. గ్రామముల పేళ్లు ఊరుమ్మడి సొత్తు. పటాన్‌చెరును కళ్యాణ చాళుక్యుల కాలపు పొట్టలకెరెగ చరిత్రకారులు గుర్తించిరి. వేయేండ్ల పేరును ఏ నగరమందలి గదిలోనో కూర్చుండి కొన్ని వందల రూపాయలకు గొని లక్షలకు బేరము పెట్టు హక్కు న్యాయమందురా? పేళ్ల వ్యాపారము నేరముగాదని వారు వాదింతురు. వట్టి మాటల విషయమున మే మంగీకరింతుము. ఊరి పేరు వట్టి మాట గాదు. ఊరి చెఱువువలె నది యందఱిది. కావున రాష్ట్రప్రభుత్వము రెవెన్యూ గ్రామముల పట్టిక నంతయు నిక్సీకి బంపి, డాట్ ఇన్, డాట్ భారత్ క్రింద నా పేళ్లను స్థానిక సంస్థలకై ప్రత్యేకింపుమని కోరవలెను. ఇప్పటికే యన్యుల పాలై దుర్వినియోగమగు పేళ్లపై డాట్ ఇన్ వివాదపరిష్కార విధానము క్రింద ఫిర్యాదు చేయవచ్చును. పేరు తన పేరునకు సమానమో భ్రాంతికరమో యగుట, తీసికొన్నవానికి న్యాయమగు హక్కు లేకుండుట, దురుద్దేశముతో నమోదు చేయుటయో వాడుటయో జరుగుట, ఈ మూడింటిని నిరూపింపవలెను.

అట్టి ప్రత్యేకింపు సాధ్యము గాదనువారికి కన్నుల యెదుటనే తార్కాణ మున్నది. మోసగాండ్రు బ్యాంకుల పేళ్లను బోలు పేళ్లతో జనుల సొమ్ము గాజేయుచుండగా, రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిలులో నుత్తర్వు చేసి, అదే సంవత్సరము అక్టోబరు 31 లోపల బ్యాంకు లన్నియు బ్యాంక్ డాట్ ఇన్ అను తోకకు మాఱవలెనని విధించెను. ఆ పేళ్ల నమోదు బాధ్యత హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. సంస్థకే యప్పగింపబడెను. బ్యాంకుల పేళ్లను గాపాడు నేర్పు హైదరాబాదులో నున్నప్పుడు, కూతవేటు దూరమున నున్న జిన్నారము పేరును గాపాడుట యేల సాధ్యము గాదు?

పరిశ్రమవాడలకై భూములు పోయిన నాడు మన రైతులలో ననేకులకు వాని రేపటి విలువ తెలియదు. తెలిసిన పిమ్మట భూమి లేదు. పేరు విషయమున నింకను వ్యవధి యున్నది. ప్రతి సహకార సంఘమును, ప్రతి గ్రామసంస్థయు, ప్రతి చిన్న కార్ఖానా యజమానియు తమ పేరెవరి పేరను నమోదై యున్నదో, గడువెన్నడు దీఱునో నేడే విచారించి తెలిసికొందురు గాక. లేని పేరు తీసికొనుడు. పరుని పేర నున్నదానిని మీ పేరునకు మార్పించుకొనుడు. ప్రభుత్వము గ్రామనామముల పట్టికను పంపువఱకు శాసనసభ్యులను ప్రజలు విడువక యడుగవలెను.