కావలివాని కష్టసుఖములు

అడుగనిదే అమ్మయైనను పెట్టదని లోకోక్తి. కాని అడుగుటకే వీలు చాలని ఉద్యోగము ఒకటి కలదు. ఉపాధ్యాయులకు, రవాణా కార్మికులకు సంఘములున్నవి. వారు సభలు జరుపుదురు, సమ్మె చేయుదురు, పత్రికల కెక్కుదురు. పోలీసు ఉద్యోగికి ఆ దారులు మిక్కిలి ఇరుకు. శాంతిభద్రతలను కాపాడు దళముల ప్రాథమిక హక్కులకు హద్దులు విధించు అధికారమును రాజ్యాంగములోని 33వ అధికరణము పార్లమెంటుకు ఇచ్చినది. ఆ అధికారముతోనే 1966లో పోలీసు దళముల హక్కులను పరిమితము చేయు చట్టము వచ్చినది. అంతకు శతాబ్దమునకు ముందే, 1861 నాటి పోలీసు చట్టపు 22వ సెక్షను పోలీసు అధికారిని ఎల్లవేళల విధిలో ఉన్నవానిగనే భావింపవలెనని శాసించినది. ఎల్లవేళల పనిచేయవలెను, ఏ వేళను నోరు తెరచి అడుగరాదు.

తమంతట అడుగలేనివారి కష్టసుఖములను అడిగి తెలిసికొనుటకు ఉపకరించునదే సర్వే. ఇట్టి ప్రయత్నములు ఈ దేశమున జరుగకపోలేదు. కేంద్ర ప్రభుత్వపు పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ తోడ్పాటుతో ఒక అధ్యయనము జరిపించి, 2014లో ఫలితములను వెల్లడించెను. 12 వేలకు పైగా ఠాణా సిబ్బందిని, వేయిమంది ఠాణా అధిపతులను అందు ప్రశ్నించిరి. నూటికి సుమారు 90 మంది దినమునకు 8 గంటలకు మించి పనిచేయుచున్నారనియు, నూటికి 73 మందికి పైగా నెలకొక్క వారపు సెలవైనను దొరకుట లేదనియు తేలినది.

ఐదేండ్ల తరువాత, 2019లో, కామన్ కాజ్ అను సంస్థయు, ఢిల్లీలోని లోక్‌నీతి పరిశోధకులును కలిసి 21 రాష్ట్రములలో 11,834 మంది పోలీసులను ప్రశ్నించి నివేదిక ప్రకటించిరి. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జాస్తి చలమేశ్వర్ దానిని ఆవిష్కరించిరి. సగటు పనిదినము 14 గంటలు. సగము మందికి వారపు సెలవే లేదు. పోలీసుల కుటుంబములలోని పదివేల మందికి పైగా వ్యక్తులను కూడ ప్రశ్నించుట ఈ అధ్యయనములో మెచ్చదగిన విశేషము. కానిస్టేబులు అలసటను పై అధికారి చూడకపోవచ్చును, ఇల్లాలు చూడకుండునా?

ఇది పోలీసుల ఇంటిగొడవ మాత్రమే కాదు. రెండు రాత్రులు బందోబస్తులో నిలిచి వచ్చిన కానిస్టేబులు మూడవనాటి ఉదయమున ఫిర్యాదు తెచ్చిన ముసలివానితో ఎట్లు మాటలాడునో ఊహింపవచ్చును. నిద్రలేమి విసుగుగను, విసుగు దురుసుతనముగను మారి ప్రజలపైననే పడును.

అడిగిన తరువాత ఏమి చేసిరి? కొంత జరిగినది. 2016లో ముంబయిలోని దేవనార్ ఠాణాలో 8 గంటల షిఫ్టులను ప్రయోగించి చూచిరి; ఆ సూచన చేసినవాడు ఒక కానిస్టేబులే. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పోలీసులకు వారపు సెలవును ప్రవేశపెట్టెను. ఐనను ఉత్తరువు వెలువడుట ఒకటి, పండుగ బందోబస్తు పడిన వారమున కూడ ఆ సెలవు నిలుచుట మరియొకటి. నిలిచినదో లేదో చెప్పగలవాడు ఆ సెలవును అనుభవింపవలసినవాడే. అసలు చిక్కు ధనముతో ముడిపడినది. షిఫ్టులు సక్రమముగ నడువవలెనన్న ఠాణా సిబ్బందిని సుమారు మూడింట రెండువంతులు పెంచవలెనని 2014 అధ్యయనమే లెక్క తేల్చినది.

చెప్పుకొను దారి లేనపుడు ఏమగునో 2024 అక్టోబరులో తెలంగాణ చూచినది. ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కిరి. భర్తలు ఇల్లువిడిచి ఊరూరు తిరుగుచు పనిచేయవలసి వచ్చుచున్నదని వారి మొర. రాష్ట్రమంతట ఒకే పోలీసు విధానము ఉండవలెనని కోరిక. కానిస్టేబుళ్లును నిరసనకు దిగిరి. 39 మందిని సస్పెండు చేసిరి. 10 మందిని ఉద్యోగమునుండి తొలగించిరి. దళమునకు క్రమశిక్షణ అవసరమే, సందేహము లేదు. కాని ఇల్లాండ్రు వీధికి రాకముందే ఆ మొర పై అధికారుల చెవికి చేరు మార్గము ఉండవలెను గదా!

ఆ మార్గము సర్వే కావలెనన్న కొన్ని నియమములు తప్పవు. సబ్ ఇన్‌స్పెక్టరు ఎదుట నింపి, ఆయన చేతికే ఇచ్చు కాగితములో నిజముండదు. పేరు వ్రాయనక్కరలేదన్నంత మాత్రమున చాలదు. ఇరువదిమంది ఉన్న ఠాణాలో వయస్సు, హోదా, సర్వీసు వ్రాసినచో పేరు వ్రాసినట్లే. కనుక అడుగువారు దళమునకు వెలుపలివారై ఉండవలెను. ఇంగ్లండు, వేల్సులలో 2019 నాటి పోలీసు క్షేమ సర్వేను నిర్వహించినది డర్హమ్ విశ్వవిద్యాలయము. 34 వేలమందికి పైగా బదులిచ్చిరి. అవే ప్రశ్నలను ఏటేట అడిగిననే మార్పు తెలియును. ఏ కోరిక తీరినదో, ఏది తీరలేదో, ఎందువలన తీరలేదో ప్రతి ఠాణా నోటీసుబోర్డుపై వ్రాయవలెను.

అడిగి ఊరకుండుట అడుగకుండుటకంటె చేటు. ఒకసారి నిజము చెప్పి ఫలితము చూడనివాడు మరుసారి అంతయు బాగున్నదనియే వ్రాయును. ప్రభుత్వము దానిని చూచి సంతోషించును. మరియొక ప్రశ్నపత్రమును పంచుటకు ముందు, 2014లోను 2019లోను కానిస్టేబుళ్లు ఇచ్చిన జవాబులకు ప్రభుత్వములు బదులు చెప్పుట న్యాయము.