బిళ్ళ మనది, కాగితం ఎవరిది?

మందుల సంగతి డాక్టర్లకు వదిలిపెట్టి సాహిత్యం సంగతి మనం చూసుకుంటే మంచిదని కొందరు మిత్రులు సలహా చెబుతున్నారు. ఈ వ్యాసం రాయబోతున్నానని విని ఒక తోటి అధ్యాపకుడు, "ఛందస్సు చెప్పుకు బతికేవాళ్ళం, మనకు మూత్రాశయంతో ఏం పనయ్యా?" అని నవ్వాడు. పని ఉన్నది. షుగరు బిళ్ళల పెట్టెలో ఒక కాగితం మడతపెట్టి ఉంటుంది. చీమతలకాయంత అక్షరాలతో అచ్చువేసిన ఆ కాగితంలో ఉన్నది ప్రాణానికి సంబంధించిన విషయం. మింగేవాడు తెలుగువాడు, కాగితం ఇంగ్లీషుది. తెలుగు ఎమ్మే చదివినవాడికి ఇంతకంటె దగ్గరి విషయం ఏముంటుందో ఆ మిత్రుడే చెప్పాలి.

పూర్వం షుగరు జబ్బంటే కూర్చుని తినేవాళ్ళ జబ్బని మా కాట్రేనికోనలో అనుకునేవారు. ఆ మాటకు కాలం చెల్లింది. ఈనాడు కొబ్బరి దింపు తీసేవాడికీ, రొయ్యల చెరువు గట్టున రాత్రి కాపలా కాసేవాడికీ, పల్లం, బలుసుతిప్ప వైపు నుంచి వేటకు వెళ్ళేవాడికీ షుగరు ఉన్నది. జబ్బు వర్గభేదం పాటించడం మానేసింది. జబ్బును గురించిన జ్ఞానం మాత్రం ఇంకా పాటిస్తూనే ఉన్నది.

నేను బాబాయ్ అని పిలిచే ఒక దింపు కార్మికుడున్నాడు. అరవై దాటాయి, చెట్టెక్కడం మానేశాడు. రెండేళ్ళ క్రితం పట్నంలో ఆపరేషను చేసి ఆయన మూత్రపు సంచిలోంచి రాయి తీశారు. ఎందుకు కట్టిందో ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పనిచోట చెప్పేవాడు ఒకడు తయారవుతాడు గదా. సంతలో ఆకుమందు అమ్మేవాడు, "ఇంగ్లీషు బిళ్ళల వేడికి రాయి కట్టింది, అవి మానెయ్" అన్నాడట. బాబాయి మానేశాడు. ఐదు నెలలకు కాలిమీద పుండు లేచి మానడం మానేసింది. అప్పుడు బిళ్ళల పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టి, "మేస్టారూ, ఈ కాయితంలో నా రాయి సంగతేమన్నా రాసేరేమో సూసి సెప్పండి" అన్నాడు.

ఆయన అడిగిన ప్రశ్న మూఢత్వం కాదు, శాస్త్రీయమైన ప్రశ్న. దానికి సమాధానం కూడా ఉన్నది. వయసు మళ్ళిన మగవాళ్ళకు మూత్రాశయంలో రాయి కట్టడానికి ముఖ్యమైన కారణం ప్రోస్టేటు గ్రంథి వాచి దారికి అడ్డుపడడం. మూత్రం పూర్తిగా బయటికి పోక నిలవ ఉండి గట్టిపడుతుంది. షుగరు చాలాకాలం అదుపులో లేకపోతే మూత్రాశయపు నరాలు మొద్దుబారుతాయి, అప్పుడూ నిలవ ఉంటుంది. పైగా షుగరు ఉన్నవారి మూత్రంలో ఆమ్లగుణం ఎక్కువ, యూరికామ్లపు రాళ్ళకు అది అనుకూలం. ఎండలో పొద్దస్తమానం చాకిరీ చేసి నీళ్ళు చాలినన్ని తాగకపోవడం మరొకటి. అంటే, బిళ్ళ మానడంవల్లనే రాయికి దారి సుగమమయ్యే అవకాశం ఉన్నదన్నమాట! అందరికంటె ఎక్కువమంది మింగే మెట్‌ఫార్మిన్ రాళ్ళు కట్టిస్తుందని తేలలేదు. మూత్రంద్వారా చక్కెరను బయటికి పంపే డపాగ్లిఫ్లోజిన్ కుటుంబపు మందులు, పేటెంట్లు తీరి చవకై ఊళ్ళలోకి వచ్చినవి, జననాంగాల దగ్గర బూజు తెగులు తెస్తాయి. కాని ఆ కుటుంబపు మందులు వాడేవారిలో కిడ్నీ రాళ్ళు తగ్గుతున్నట్టే అధ్యయనాలు చూపుతున్నాయి.

అయితే షుగరు మందుకూ మూత్రాశయానికీ సంబంధమే లేదా? ఉన్నది, ఆ కథను మన పత్రికలు ఒకరోజు వార్తగా వేసి మరిచిపోయాయి.

పయోగ్లిటాజోన్ అనే మందు 1999లో అమెరికాలో అనుమతి పొందింది, తరవాత మన దేశంలోనూ విరివిగా అమ్ముడుపోయింది. మనిషికి ఇవ్వకముందు ఎలుకలకు ఇచ్చి చూశారు. మగ ఎలుకల మూత్రాశయంలో కంతులు లేచాయి. ఎందుకు లేచాయన్నదానికి వచ్చిన సమాధానం వినదగినది: మందువల్ల ఎలుక మూత్రంలో పలుకులు, రాళ్ళు ఏర్పడ్డాయి, అవి లోపలిపొరను రాచి రాచి కంతులు పుట్టించాయి, ఎలుక మూత్రం తీరు వేరు, మనిషికి ఇది వర్తించదు అని. వర్తించకపోవచ్చు. కాని 2005లో వెలువడిన పెద్ద పరీక్షలో, 5238 మంది రోగుల్లో, మందు మింగినవాళ్ళలో 14 మందికీ, ఉత్తుత్తి బిళ్ళ మింగినవాళ్ళలో 6గురికీ మూత్రాశయ క్యాన్సరు కనిపించింది. చిన్న అంకెలే. చిన్న అంకెలను చూసి భయపడనూ కూడదు, పెట్టెలో పెట్టి తాళం వేయనూ కూడదు. 2011 జూన్‌లో ఫ్రాన్సు ఆ మందు వాడకాన్ని నిలిపేసింది.

మన ప్రభుత్వం 2013 జూన్ 18న తయారీని, అమ్మకాన్ని నిలుపుచేసింది. జూలై 31న తిరిగి అనుమతించింది. మధ్య 43 రోజులు. ఆ 43 రోజుల్లో శాస్త్రం మారలేదు. మారినదల్లా గొంతుల బలం. నిషేధం ఎత్తివేయాలన్న డాక్టర్ల వాదనలో న్యాయం లేకపోలేదు: మందు చవక, కొందరికి బాగా పనిచేస్తుంది, మన దేశంలో వాడే మోతాదు తక్కువ, పేదవాడికి దీని బదులు ఖరీదైన మందు రాస్తే కొనలేడు. ఈ మాటలను కంపెనీల మాటలని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. తరవాతి పరిశోధనలు కూడా ఒకేవైపు మొగ్గలేదు. 2015లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చెప్పుకోదగ్గ ప్రమాదం లేదన్నది, 2016లో బ్రిటిషు రోగుల లెక్కలతో వచ్చినది ఉన్నదన్నది. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా ఔషధ సంస్థ, ప్రమాదం ఉండవచ్చునని మరల హెచ్చరించింది. ఈ మధ్యలోనే, 2015 ఏప్రిల్‌లో, ఆ మందును కనిపెట్టిన జపాను కంపెనీ టకేడా, తప్పు ఒప్పుకోకుండానే, అమెరికా రోగుల దావాలు తీర్చడానికి సుమారు 240 కోట్ల డాలర్లు ఇవ్వడానికి అంగీకరించింది.

నా తగవు మందు ఉండాలా పోవాలా అన్నదానితో కాదు. నిషేధం ఎత్తివేస్తూ ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. ఇది మొట్టమొదటి మందుగా వాడరాదు, మూత్రాశయ క్యాన్సరు ఉన్నవారికీ, మునుపు వచ్చినవారికీ, మూత్రంలో రక్తం పడుతూ కారణం తేలనివారికీ ఇవ్వరాదు అని గడికట్టి అచ్చువేయాలన్నది. మంచి షరతు. ఎవరు చదవడానికి? మూత్రంలో నెత్తురు పడితే మొదట చూసేది డాక్టరా, కంపెనీ ప్రతినిధా? కొబ్బరిచెట్టు చాటున నిలబడ్డవాడు చూస్తాడు. హెచ్చరిక అందవలసినది అతనికి. అతనికి తప్ప అందరికీ అందే భాషలో దాన్ని రాశారు.

ఇది పొరపాటున జరిగినది కూడా కాదు. 1945 నాటి ఔషధ నియమావళిలో, దిగుమతి మందుల పెట్టెలో ఉంచే వివరపత్రం ఇంగ్లీషులో ఉండాలని స్పష్టంగా రాసి ఉన్నది. తెల్లదొర పోయి డెబ్భైయేళ్ళు దాటినా ఆ భాష పట్టు పోలేదు. ఇక్కడే తయారయ్యే మందులు కూడా ఆ బాటలోనే నడుస్తున్నాయి. ఆ మాటకొస్తే, మా ఊరి కొట్లో షీటు కత్తిరించి నాలుగు బిళ్ళలు చేతిలో పెడతారు, కాగితం కొట్లోనే ఉండిపోతుంది. దీనికి తోడు మూడు మందులు కలిపి ఒకే బిళ్ళగా అమ్మే పద్ధతి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, పయోగ్లిటాజోన్ మూడూ కలిపి దానికో ముద్దుపేరు. మింగేవాడికి ముద్దుపేరే తెలుసు. "పయోగ్లిటాజోన్ వాడుతున్నావా?" అని అడిగితే నిజాయితీగా లేదంటాడు. బాబాయి పెట్టెలో ఉన్నది ఈ ముక్కూటు బిళ్ళే. అందులో మనిషికి రాయి కట్టిస్తుందన్న మాట లేదు. నెత్తురు పడితే చూపించుకోవాలన్న మాట ఉన్నది. ఆయనకు అవసరమైనవి ఆ రెండు సంగతులే. అవి చెప్పడానికి నాకు మూడు నిమిషాలు పట్టింది.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయి. మొదటిది పెద్దమనుషులది: "అన్నీ చెబితే జనం బెదిరిపోయి మందు మానేస్తారు." జనం బెదిరింది చెప్పినందుకా, చెప్పనందుకా? బాబాయి బిళ్ళలు మానినది ఏ హెచ్చరికా చదివి కాదు. చదవడానికి ఏమీ లేక, సంతలో విన్నది నమ్మి మానాడు. మౌనం రోగిని ధైర్యవంతుణ్ణి చేయదు. ఆకుమందువాడికి బేరం తెచ్చిపెడుతుంది.

రెండోది మనవాళ్ళలోనే కొందరిది, నాకు ఎక్కువ బాధ కలిగించేది. కంపెనీలమీద కోపంతో ఇంగ్లీషు మందంతా విషమని, తాతలనాటి ఆకులు మేలని రాయడం అభ్యుదయంగా చెలామణి అవుతున్నది. గుత్తపెట్టుబడిని తిట్టడానికి నాటుమందు వ్యాపారిని భుజానెత్తుకోవడం ఏ రకం అభ్యుదయమో నాకు బోధపడదు. 1954లో మన పార్లమెంటు ఒక చట్టం చేసింది. నయం చేస్తామని ప్రకటించడం నేరమైన జబ్బుల పట్టిక దానికి జోడించి ఉన్నది. ఆ పట్టికలో మధుమేహం ఉన్నది, మూత్రాశయంలో రాళ్ళూ ఉన్నాయి. బాబాయి జబ్బులు రెండూ ఒకే చట్టం కింద రక్షణ పొందాయి. ఐనా రెండింటికీ మందు సంతలో దొరికింది! టకేడాను నిలదీయడానికి ఎలుకల లెక్క ఉన్నది, రోగుల లెక్క ఉన్నది, కోర్టు ఉన్నది. ఆకుమందువాడిని నిలదీయడానికి లెక్కేది? లెక్క రాయనివాడు నిర్దోషి అనుకోవడం శాస్త్రం కాదు.

మూడో ప్రమాదం మన పండితులనుంచి రావచ్చు. రేపు ప్రభుత్వం తెలుగులో వేయమంటే ఆ పని ఎవరి చేతిలో పడుతుంది? "మూత్రాశయాశ్మరి", "అనిర్ధారిత రక్తమూత్రత" అని రాసి చేతులు దులుపుకునేవారికి కొదవలేదు. అలాంటి తెలుగుకంటె ఇంగ్లీషే నయం, తెలియదని తెలుస్తుంది. గిడుగు రామమూర్తి పంతులు వాడుకభాష కోసం పోరాడి నూరేళ్ళు దాటింది. ఆ భాషలో మనం కథలు రాసుకున్నాం, నవలలు రాసుకున్నాం. బిళ్ళల పెట్టెమీద నాలుగు వాక్యాలు రాయలేకపోయాం. "మూత్రం ఎర్రగా వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. చెప్పకుండా బిళ్ళలు మానకండి." పల్లంలో అయినా బలుసుతిప్పలో అయినా దీనికి నిఘంటువు అక్కరలేదు.

మందువల్ల చెరుపు జరిగితే తెలియజేయడానికి 2010నుంచి జాతీయస్థాయిలో ఒక ఏర్పాటు ఉన్నది, ఖర్చులేకుండా ఫోను చేసే నంబరు 1800-180-3024 కూడా ఉన్నది. కాట్రేనికోన మందుల కొట్లలో ఆ నంబరు రాసిన అట్ట నాకింతవరకు కనిపించలేదు. ఈ వేసవి సెలవుల్లో మా విద్యార్థులు కొందరు కొట్టుకొట్టుకూ తిరిగి, షుగరు బిళ్ళల ముద్దుపేర్లన్నీ రాసుకుని, ఒక్కొక్కదానిలో ఏ మందులున్నాయో, దేనితో ఏ జాగ్రత్త కావాలో తెలుగులో పట్టిక కడతామంటున్నారు. తప్పులు దొర్లకుండా దిద్దిపెట్టడానికి ఫార్మసీ చదివినవారొకరు ఒప్పుకున్నారు. కొట్టువాళ్ళలో ఇద్దరు గోడకు అంటించుకోవడానికి సరేనన్నారు, మూడో అతను బేరం చెడుతుందని ఒప్పుకోలేదు. అతని కొట్టుకెదురుగా బస్సు ఆగే చోట ఒక గోడ ఖాళీగా ఉన్నది.