చెక్ దేశపు పట్టణములలో మా శనివారములు



మన సంఘములలో ఇప్పుడు ఏ వరుసలో చూచినా, కుమారుడో కుమార్తెయో పైచదువులకు విదేశము వెళ్ళిన కుటుంబము ఒకటైనా కనబడుతుంది. తల్లిదండ్రులు ప్రార్థన చేయించుకోవడానికి వచ్చినప్పుడు ఫీజు గురించి చెబుతారు, వీసా గురించి చెబుతారు, ఉద్యోగము గురించి చెబుతారు. శని, ఆదివారముల గురించి ఎవ్వరూ చెప్పరు. విదేశములో చదువుకొనే బిడ్డకు పరీక్షలకంటె కష్టమైన సమయము శుక్రవారము సాయంత్రము మొదలవుతుంది. తరగతులుండవు. అక్కడి పిల్లలు సంచి భుజాన వేసుకొని తమ ఊళ్ళకు వెళ్ళిపోతారు. హాస్టలు ఖాళీ అవుతుంది. మన బిడ్డ గదిలో కిటికీ ప్రక్కన మిగిలిపోతాడు. ఆ రెండు రోజులలో ఎవరితో కూర్చుంటాడు, ఎక్కడికి వెళతాడు అన్నదానిమీద అతని జీవితములో చాలా సంగతులు ఆధారపడి ఉంటాయి.

మేము చెక్ దేశపు రాజధాని ప్రాగ్ నగరములో వేదాంత విద్య అభ్యసించిన దినములలో, దేవుని కృపవలన ఆ రెండు రోజులకు మంచి పని దొరికింది. శనివారము ఉదయమే రైలెక్కి ఏదో ఒక పట్టణము చూచి, రాత్రికి తిరిగి వచ్చి, ఆదివారము ఆరాధనకు వెళ్ళేవారము. ఆ ప్రయాణముల సంగతి ఈ నెల వ్రాస్తున్నాము.

రైలులో నేర్చుకున్నది

చెక్ దేశము ఐరోపా నడిబొడ్డున సముద్రము లేని చిన్న దేశము. 1993 జనవరి 1న చెకోస్లోవేకియా రెండు దేశములుగా విడిపోయినప్పుడు ఏర్పడింది. విస్తీర్ణములో మన ఆంధ్రప్రదేశ్‌లో సగము. జనాభా కోటికి కొంచెము ఎక్కువ. పడమటి భాగమును బొహీమియా అనీ, తూర్పు భాగమును మొరావియా అనీ అంటారు. రైలు మార్గములు దట్టముగా అల్లుకొని ఉంటాయి గనుక ఉదయము బయలుదేరితే చాలా పట్టణములు చూచి రాత్రికి గదికి చేరవచ్చును. 2018 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వము 26 ఏండ్లలోపు విద్యార్థులకు టిక్కెట్టులో 75 శాతము రాయితీ ఇచ్చింది. 2022లో దానిని 50 శాతమునకు తగ్గించింది. మన పిల్లలకు అదియును గొప్ప సహాయమే.

శుక్రవారము రాత్రి అన్నము వండి నిమ్మకాయ పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకొనేవారము. ఆ ఊళ్ళలో దొరికే భోజనము వేరు. వేడి సూపు, మాంసపు పులుసు, దానితో ఆవిరిమీద గాని నీళ్ళలో గాని ఉడికించిన పిండిముద్దల ముక్కలు. వాటిని క్నెడ్లీకీ అంటారు. రుచి బాగానే ఉంటుంది గాని, నెల గడిచేసరికి నాలుక చింతపండును అడుగుతుంది.

రైలు పెట్టెలోకి ఎవరు వచ్చినా, లోపలివారు ఎవరో తెలియకపోయినా, "దొబ్రీ దెన్" అంటారు. మంచి దినము అని అర్థము. దిగేటప్పుడు సెలవు తీసుకుంటారు. ఆ రెంటికి నడుమ గంటసేపు ఒక్క మాట ఉండదు! మొదట అది మాకు గర్వమనిపించేది. వారిని దగ్గరగా చూచిన కొద్దీ అది వారి మర్యాద అని అర్థమైంది. ఇంట్లోకి పిలిస్తే మనవలెనే గుమ్మము దగ్గర చెప్పులు విప్పి లోపలికి రావాలి. ఊరి బయట అడవిలోకి వెళితే చెట్లమీద తెల్లటి రెండు గీతల నడుమ ఎరుపు, నీలము, ఆకుపచ్చ, పసుపు రంగులలో ఏదో ఒక గీత కనబడుతుంది. అవి నడకదారుల గుర్తులు. అలాంటి దారులు దేశమంతట 40 వేల కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. భాష రానివాడైనా ఆ గీతలను పట్టుకొని పోతే తప్పిపోడు.

వెండి ఊరు, కత్తి ఊరు

మొదట చూచినది కుత్నా హోరా. ప్రాగ్‌కు తూర్పున రైలులో గంట ప్రయాణము. ఒకప్పుడు ఆ నేలలో వెండి పండింది. 1300 సంవత్సరమునుండి బొహీమియా రాజుల వెండి నాణెములు అక్కడే ముద్రించారు. గని పనివారు, ఊరి వర్తకులు కలిసి పరిశుద్ధ బార్బరా పేరట ఆలయము 1388లో మొదలుపెట్టారు. వెండి తగ్గిపోయింది, యుద్ధములు వచ్చాయి, పని ఆగిపోయింది. చివరకు పూర్తియైనది 1905లో! లోపలి గోడలమీద రాజులకంటె గని కూలీల బొమ్మలు, నాణెములు కొట్టేవారి బొమ్మలు మమ్మును ఎక్కువగా నిలబెట్టాయి. చెమటోడ్చినవానిని దేవుని మందిరపు గోడమీద చిత్రించడము మంచి ఆలోచన.

అదే ఊరి శివారున సెద్లెత్స్ అనేచోట ఎముకల ప్రార్థనాలయము ఉన్నది. తెగుళ్ళలో, యుద్ధములలో చనిపోయిన 40 వేలమందికి పైగా మనుష్యుల ఎముకలు అక్కడ పేర్చి ఉన్నాయి. 1870లో ఒక కొయ్యపనివాడు వాటితో దీపపు గుత్తిని కూడ అమర్చాడు. యాత్రికులు నవ్వుతూ వాటి ప్రక్కన నిలబడి ఫోటోలు దిగేవారు. 2020నుండి అనుమతి లేనిదే ఫోటోలు తీయనివ్వడము లేదు. అది మంచి పని. ఆ పుర్రెలలో వెండి గని యజమాని ఎవరో, గని కూలి ఎవరో ఎవరు చెప్పగలరు?

దక్షిణమున తాబోర్ పట్టణము. బైబిలులోని తాబోరు కొండ పేరే. ఆ ఊరి కథ చెప్పాలంటే జాన్ హస్ గారి కథ చెప్పాలి. ఆయన విశ్వవిద్యాలయ పండితుడైయుండియు, 1402నుండి ప్రాగ్‌లోని బేత్లెహేము ప్రార్థనాలయములో సామాన్యుల చెక్ భాషలో ప్రసంగించాడు. రాజు అభయపత్రము ఇచ్చి పిలిపించినను, కాన్‌స్టాన్స్ సభ ఆయనను 1415 జులై 6న సజీవముగా దహింపజేసింది. లూథరు గారి సంస్కరణకు అది నూరేండ్ల ముందు మాట. ఆ జులై 6 నేటికిని చెక్ దేశములో సెలవు దినము.

ఆయన అనుచరులు 1420లో ఒక గుట్టమీద కట్టుకున్న ఊరే తాబోర్. బల్లలో రొట్టెతోపాటు ద్రాక్షారసపు పాత్ర కూడ విశ్వాసులందరికి ఇవ్వాలన్నది వారి పోరాటము. ఆ పాత్ర బొమ్మయే వారి జెండా. వచ్చినవారు తమ సొమ్మును చౌకులో పెట్టిన తొట్లలో వేసి, ఆది సంఘమువలె సమష్టిగా బ్రతకాలని తీర్మానించుకున్నారు. ఆ ఏర్పాటు ఏడాదైనా నిలువలేదు. తొట్లు ఖాళీ అయ్యాక చుట్టుప్రక్కల రైతులవద్ద శిస్తు వసూలు చేయసాగారు. వారి సేనాని జిష్కా ఒంటికన్నువాడు. రెండవ కన్ను పోయిన తరువాత కూడ యుద్ధములు గెలిచాడు. 1434లో లిపానీ యుద్ధములో ఆ సైన్యమును ఓడించినవారిలో పాత్రను కోరిన హస్సు అనుచరులే మరొక వర్గముగా ఉన్నారు. ఊరి వీధులు శత్రువుకు దారి తెలియకుండ మెలికలు తిరిగి ఉంటాయని చెబుతారు. ఇండ్ల క్రింద నేలమాళిగలు ఒకదానికొకటి కలిసి ఉన్నాయి. అందులో వంగి నడుస్తూ, సువార్తకొరకు మొదలైనది సువార్తవారి మధ్యనే కత్తిగా ఎలా మారిందా అని తలంచాము.

అచ్చుయంత్రము ఉన్న పల్లె

కత్తి వద్దన్నవారు 1457లో కున్‌వాల్డ్ అనే పల్లెలో చిన్న సహోదర సంఘముగా కూడుకున్నారు. వారి గుర్తు చూడాలంటే మొరావియాలోని క్రాలిత్సే పల్లెకు పోవాలి. ప్రాగ్‌నుండి తెల్లవారుజామునే బయలుదేరి వెళ్ళాము. పెద్ద గుడి లేదు, గోపురము లేదు. ఒక కోట పునాదులు, చిన్న మ్యూజియము ఉన్నాయి. ఆ కోటలో సహోదరులు అచ్చుయంత్రము పెట్టుకొని, హెబ్రీ, గ్రీకు మూలములనుండి తర్జుమా చేసిన బైబిలును 1579 మొదలుకొని ఆరు సంపుటములుగా ముద్రించారు. 1956 తరువాత ఆ స్థలము త్రవ్వినప్పుడు వేలకొలది సీసపు అక్షరములు మట్టిలో దొరికాయి. గాజు వెనుక ఆ అక్షరములను చూస్తూ మేము చాలాసేపు నిలిచిపోయాము. మినపగింజంత అక్షరము. దానికొరకు మనుష్యులు దేశమే విడిచిపోయారు.

ఏలయనగా 1620 నవంబరు 8న ప్రాగ్ దగ్గర తెల్లకొండ యుద్ధములో ప్రొటెస్టంటు పక్షము ఓడిపోయింది. మరుసటి ఏడు జూన్ 21న ప్రాగ్ పాతబస్తీ చౌకులో 27 మంది నాయకులకు మరణశిక్ష అమలు చేశారు. నేటికిని ఆ రాళ్ళమీద 27 తెల్ల సిలువ గుర్తులున్నాయి. తరువాత బోధకులను వెళ్ళగొట్టారు. మతము మారని ప్రభువులను, పట్టణవాసులను దేశము విడిచిపొమ్మన్నారు. పేద రైతుకు వెళ్ళిపోయే స్వాతంత్ర్యము కూడ లేదు. అలా వెళ్ళినవారిలో బిషప్పు కొమేనియస్ ఒకరు. భార్యను, ఇద్దరు పిల్లలను తెగులుకు పోగొట్టుకొని, 1628లో దేశము విడిచి, మరల స్వదేశము చూడక 1670లో పరదేశములో కన్నుమూశారు. 1658లో పిల్లలకు బొమ్మల పాఠ్యపుస్తకము అచ్చువేసి ఇచ్చినది ఆయనే. ఆయన పుట్టినరోజు మార్చి 28ని చెక్ దేశములో ఉపాధ్యాయ దినముగా జరుపుతారు.

మిగిలిపోయిన కుటుంబములు ఏమి చేశాయి? పుస్తకములు దాచుకున్నాయి. రాత్రులు తలుపులు మూసుకొని చదువుకున్నాయి. 1781లో చక్రవర్తి రెండవ జోసెఫ్ సహన శాసనము ఇచ్చినప్పుడు వేలకొలది జనులు బయటికి వచ్చి, మేము ప్రొటెస్టంటులమని పేర్లు వ్రాయించుకున్నారు. అంటే నూటయాభై సంవత్సరములకు పైగా ఆలయము లేక, పాస్టరు లేక, తల్లిదండ్రులనుండి పిల్లలకు, పిల్లలనుండి మనుమలకు విశ్వాసము చేరింది! అంతకు ముందే, 1722లో సరిహద్దు దాటి జర్మనీలో హెర్న్‌హట్ అనే ఊరు కట్టుకున్న మొరావియా శరణార్థుల మధ్యనుండి 1732లో మొదటి మిషనరీలు బయలుదేరారు. మనము మొరేవియన్ సహోదరులని పిలిచేది వారినే.

పిల్లల బొమ్మలు, బాటా చెప్పులు

ప్రాగ్‌కు దగ్గరలోనే లిదిత్సే ఉన్నది. అక్కడికి నవ్వుతూ ఎవరూ పోరు. నాజీల అధిపతి ఒకడు ప్రాగ్‌లో దాడికి గురై చనిపోయినందుకు పగతో 1942 జూన్ 10న ఆ గ్రామములో 173 మంది పురుషులను కాల్చి చంపారు. స్త్రీలను నిర్బంధ శిబిరమునకు పంపారు. ఇండ్లు, ఆలయము, సమాధులు సహా ఊరంతా నేలమట్టము చేశారు. చంపబడిన 82 మంది పిల్లల కంచు విగ్రహములు ఒక గడ్డి మైదానము అంచున గుంపుగా నిలబడి ఉన్నాయి. చూడవచ్చినవారు వారి పాదముల దగ్గర ఆటబొమ్మలు పెట్టిపోతారు. వర్షములో తడిసిన ఒక చిన్న ఎలుగుబంటి బొమ్మను చూచాము. ఆ రోజు తిరుగు బస్సులో మాలో ఎవ్వరమూ మాట్లాడలేదు.

కాస్త తేలికైన సంగతి ఒకటి. మన ఊళ్ళలో బడి తెరిచే రోజులలో పిల్లలకు కొనే బాటా చెప్పులు మన దేశపువేనని చాలామంది అనుకుంటారు. ఆ కంపెనీ 1894లో మొరావియాలోని జ్లీన్ పట్టణములో పుట్టింది. యజమాని కార్యాలయ గది లిఫ్టులోనే అమర్చిన ఎత్తైన భవనము నేటికిని అక్కడ ఉన్నది. కలకత్తా దగ్గరి బాటానగర్‌కు మూలము ఆ ఊరే.

మనము ఆలోచించవలసినది

ఇన్ని చూచి ఆదివారము ఆరాధనకు వెళితే, పెద్ద ఆలయములో పట్టుమని ముప్పదిమంది ఉండరు. 2021 జనాభా లెక్కలలో దేశములో దాదాపు సగముమంది తమకు మతము లేదని వ్రాయించారు. హతసాక్షుల దేశము ఇలా ఎందుకైంది? ఒకప్పుడు రాజు సైన్యముతో నమ్మించాడు. 1948నుండి 1989వరకు కమ్యూనిస్టు ప్రభుత్వము అధికారముతో మాన్పించింది. బలవంతముగా ఎక్కించినది గాని దింపినది గాని జనులలో ఒకే ఫలితమును మిగిల్చింది: మతమనగానే అధికారమని అనుమానము. కారణము ఇదొక్కటే అని మేము అనము. అయితే ఆ ఖాళీ బల్లలను చూచినప్పుడు మా తలంపు దాచుకున్న పుస్తకముల మీదికే పోయేది. రాతి ఆలయములు నిలిచాయి, జనులు వెళ్ళిపోయారు. వంటయింట్లో తల్లి చదివి వినిపించినది మాత్రము నూటయాభై ఏండ్లు బ్రతికింది. మన మందిరములకు మార్బుల్ వేయించడానికి చందాలు పోగు చేస్తున్న మనము, ఇంటి ప్రార్థన ఎన్ని ఇండ్లలో జరుగుతున్నదో లెక్క చూచుకున్నామా?

విదేశములో ఉన్న బాబులారా, అమ్మాయిలారా, శనివారము గదిలో ఫోను పట్టుకొని కూర్చోకండి. దగ్గరి ఊరికి టిక్కెట్టు కొనండి. డబ్బాలో అన్నము పెట్టుకొని ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. ఆ భాషలో నమస్కారమును, కృతజ్ఞతను చెప్పడము ముందే నేర్చుకోండి. ఏ ఊరు వెళ్ళినా దాని సంబరముతోపాటు దాని కన్నీళ్ళను కూడ చూచి రండి. ఆదివారము ఆరాధనకు వెళ్ళండి. భాష అర్థము కాకపోయినా మీరు వెళితే అక్కడి ముప్పదిమంది ముప్పదియొక్కరవుతారు.

తల్లిదండ్రులారా, ఈసారి ఫోనులో మార్కుల సంగతి అడిగిన తరువాత, మొన్న శనివారము ఎక్కడికి వెళ్ళావు నాయనా, ఎవరితో వెళ్ళావు, ఏమి తిన్నావు అని అడగండి. చెప్పేది తొందరపడక వినండి. దూరముననున్న బిడ్డకు అదియును ఒక ఇంటి ప్రార్థనయే.