నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు

థాయిలాండ్ ట్రిప్ ప్లాన్ చేయడంలో మా కడప జిల్లా వాళ్ళని మించినోళ్ళు లేరు. టికెట్ ధర ఏ వారంలో తగ్గుతుందో, బాత్‌కి ఈరోజు ఎన్ని రూపాయలో, పట్టాయాలో ఏ సందులో మన భోజనం దొరుకుతుందో అడగకముందే చెప్తారు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ దగ్గరైనా, పులివెందుల టీ కొట్లోనైనా, మా చెన్నూరు బస్టాండులోనైనా "యాడికిబ్బా పోతాండేది?" అంటే "బ్యాంకాక్కు" అనే జవాబు ఇప్పుడు ఎవరినీ ఆశ్చర్యపరచడం లేదు. మంచిదే. విదేశం పోవడం ఒకప్పుడు డాక్టర్ల, కాంట్రాక్టర్ల సొత్తు, ఇప్పుడు కాదు. 2023 నవంబరు 10 నుంచి మనవాళ్ళకి వీసా అక్కర్లేదని థాయిలాండ్ ప్రకటించింది. డిసెంబరులో మలేషియా అదే పని చేసింది. తలుపులు తీసినాక పోకుండా ఎందుకుంటారు?

నా పేచీ వేరే. ఆ ప్లాన్‌లో అన్నీ ఉంటాయి. హోటలు, కారు, పడవ, ఏనుగు, మసాజు, షాపింగ్ మాలు, తిరుగు ప్రయాణానికి బ్యాగు బరువు కూడా. థాయిలాండ్ మాత్రం ఉండదు.

అబద్ధమనిపిస్తే మీ వాట్సాప్ గ్రూపులో ఉన్న ఏ ఐటినరరీ అయినా తెరిచి చూడండి. "నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు" అని ఉంటుంది. దాంట్లో బ్యాంకాక్ అన్న చోట బాలి అని, ఫుకెట్ అన్న చోట లంకావి అని మార్చండి. మిగతా కాగితంలో ఒక్క వాక్యం కూడా మార్చాల్సిన పని పడదు. దేశం పేరు మార్చినా చెక్కుచెదరని ప్రయాణంలో ఆ దేశానికి ఉన్న చోటు ఎంత? ఏప్రిల్‌లో ఇక్కడ నలభై డిగ్రీల ఎండకి తట్టుకోలేక "రిలాక్స్ అవుదామని" పోయి, అక్కడా ఏడాదిలోకెల్లా మండే నెల అదేనని బ్యాంకాక్ విమానాశ్రయం బయట తెలుసుకున్న వాళ్ళున్నారు. అదే నెల మధ్యలో వాళ్ళ కొత్త సంవత్సరం వస్తుంది. పేరు సోంగ్‌క్రాన్, మన సంక్రాంతి మాటే. వీధుల్లో జనం నీళ్ళు చల్లుకుంటుంటే మనవాళ్ళు "ఫోన్ తడుస్తాది" అని హోటల్ గదిలో కూర్చుంటారు.

ఈ ట్రిప్పుల్లో కొన్నింటికి డబ్బు ఎక్కడిదో కూడా మాట్లాడుకుందాం. మన దగ్గర బ్యాంకాక్‌ని పల్లెలకి పరిచయం చేసింది ట్రావెల్ ఏజెంట్లు ఒక్కరే కాదు. పురుగుమందుల, విత్తనాల, సిమెంటు కంపెనీలు కూడా. టార్గెట్ కొట్టిన డీలర్‌కి ఫారిన్ టూరు. జమ్మలమడుగు వైపు శనగ రైతూ, పులివెందుల చీనీ తోట రైతూ ఆకు మీద మచ్చ కనపడగానే పరిగెత్తేది డీలర్ దగ్గరికే. మందు రాసిచ్చేదీ ఆయనే, అప్పిచ్చేదీ ఆయనే. ఒక్క మందు చాలిన చోట మూడు డబ్బాలు బల్ల మీదికొస్తే, ఆ మూడో డబ్బా తెగులుకి కాదు, టూరుకి. రైతు కొట్టిన అదనపు స్ప్రేలో బ్యాంకాక్ టికెట్ కొంత ఉందంటే అది నా కవిత్వం కాదు, కంపెనీల అమ్మకాల పద్ధతి. ఆ టూరుకి పోయొచ్చిన మనిషి చెడ్డవాడని నేననను. కాకపోతే తనకి ఆ సెలవు ఎవరిచ్చారో ఆయనకి ఎప్పుడూ గుర్తుకు రాదు.

అక్కడికి చేరిన మనవాళ్ళు రెండు రకాలు. మొదటి రకానికి థాయిలాండ్ అంటే పట్టాయా రాత్రి. నవ్వుతూ చెప్తారు, కన్ను గీటుతూ చెప్తారు. ఆ ఊరు అట్లా ఎందుకయిందో అడగరు. వియత్నాం యుద్ధ కాలంలో, 1967లో, అమెరికా సైనికుల విశ్రాంతి కోసం రెండు ప్రభుత్వాలూ ఒప్పందం రాసుకున్నాయి. పక్కనే ఉతపావ్‌లో బాంబర్ల స్థావరం. చేపలు పట్టుకునే ఊరు సిపాయిల సెలవుల ఊరయింది. పేద పల్లెల ఆడపిల్లలు అక్కడికి చేరారు. యుద్ధం అయిపోయింది, సిపాయిలు పోయారు, దుకాణం మిగిలింది. ఇప్పుడు ఆ దుకాణంలో గిరాకీ మనం. ప్రొద్దుటూరు నుంచి పోయిన పెద్దమనిషి కూర్చున్న కుర్చీ ఒక యుద్ధం వేసిపోయిన కుర్చీ.

రెండో రకం వాళ్ళు మర్యాదస్తులు. గుళ్ళు చూస్తారు. వాళ్ళకి అక్కడ కనపడేదంతా మనదే. ఎయిర్‌పోర్టు పేరు సువర్ణభూమి, లోపల క్షీరసాగర మథనం బొమ్మ, పాత రాజధాని అయుత్తయ అంటే అయోధ్య. "చూసినావా, అంతా మన కల్చరే" అని ఒక సెల్ఫీ. వీళ్ళనే నేనెక్కువ తప్పుపడతాను, ఎందుకంటే వీళ్ళు చూశామనుకుంటారు. ఆ బ్యాంకాక్ రాజప్రాసాదంలోనే, వాట్ ఫ్రా కేవ్ గోడల పొడుగునా వాళ్ళ రామకథ రామకియెన్ బొమ్మలు గీసి ఉంది. అందులో హనుమంతుడు బ్రహ్మచారి కాదు. రావణుడి కూతురు సువన్నమచ్చ అనే మత్స్యకన్యని ప్రేమిస్తాడు, కొడుకుని కంటాడు. ఒక కథ సముద్రం దాటి వందల ఏళ్ళు వేరే నేల మీద బతికితే ఏమవుతుందో కళ్ళ ముందు కనపడుతుంటే, మనవాళ్ళు "మనదే" అనే ఒక్క మాటతో దాన్ని మూసేస్తారు. మనదే అన్నాక ఇంక అడగడానికి ఏముంటుంది?

తిండీ అంతే. సూట్‌కేసులో పొడులు, ఊరగాయ, పులిహోర కలుపు. అక్కడి సోమ్ తమ్ అంటే పచ్చి బొప్పాయి కోరు, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, వేయించిన శెనక్కాయ విత్తనాలు రోట్లో వేసి రోకలితో దంచేది. మన రోటి పచ్చడికి దూరపు చుట్టం. మాంసం తినే ఇంట్లో పుట్టినోడు కూడా చేపల పులుసునీళ్ళ వాసనకి ముక్కు మూసుకుని "మీల్స్" బోర్డు వెతుక్కుంటూ పోతాడు.

ఇంకో సంగతి. మన పాస్‌పోర్టుల్లో రెండు కులాలున్నాయి. పదో తరగతి పాస్ కానోళ్ళకి ఈసీఆర్ ముద్ర పడుతుంది. వాళ్ళు పని కోసం పద్దెనిమిది దేశాలకి పోవాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. ఆ జాబితాలో కువైట్, సౌదీ ఉన్నాయని మా జిల్లాలో చిన్న పిల్లలకీ తెలుసు. థాయిలాండ్, మలేషియా, ఇండోనేషియా కూడా ఉన్నాయని మీకు తెలుసా? కూలికి పోయే మనిషికి ఏ దేశంలో రక్షణ లేదని మన ప్రభుత్వం కాగితం మీద రాసిపెట్టిందో, అదే దేశం మనకి హనీమూన్ ప్యాకేజీ. ఈసీఆర్ ఉన్న ఆడమనిషి ముప్పై ఏళ్ళు నిండకుండా ఆ దేశాలకి పనికి పోకూడదు. టూరిస్టుగా అయితే ఏ అనుమతీ వద్దు. ఈ సందులోంచే ఏజెంట్లు మనుషుల్ని దాటిస్తారు. చెన్నూరు, కడప, రాజంపేట, రాయచోటి పల్లెల నుంచి కువైట్ ఇళ్ళలో ఖద్దామాలుగా పోయిన ఆడవాళ్ళలో విజిట్ వీసా మీద విమానమెక్కినోళ్ళున్నారు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్ళని కాంబోడియా పంపారు, పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. వాళ్ళు పోయిందీ టూరిస్టు వీసా మీదే. అంకోర్ వాట్ ఫొటో పెట్టినోడూ, ఆ గదుల్లో చిక్కుకున్నోడూ చూపించిన కాగితం ఒకటే.

మన చరిత్ర తెలిసినోళ్ళకి ఇది కొత్త కాదు. టూరిస్టులుగా కాకముందు తెలుగువాళ్ళు ఆ సముద్రాన్ని కూలీలుగా దాటారు. కోరంగి రేవు పేరు మీద రంగూన్‌లో మనవాళ్ళని కోరంగీలన్నారు. 1930 మేలో రంగూన్ రేవులో సమ్మె చేసిన తెలుగు కూలీల మీద అల్లర్లలో కత్తులు దిగాయి. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు వేలమంది అడవుల్లో నడిచి వచ్చారు, దారిలో పోయినోళ్ళు పోయారు. ఇప్పుడు థాయిలాండ్ హోటళ్ళలో పక్కలు సర్దేవాళ్ళలో, పడవలు కడిగేవాళ్ళలో బర్మా నుంచి వలస వచ్చినోళ్ళు ఎంతోమంది. మీ గది శుభ్రం చేసే మనిషిని ఏ ఊరని అడిగితే ఆ కథ మీకు దొరకొచ్చు. ఐటినరరీలో దానికి టైము లేదు.

"వీడు ముందు గండికోట చూడమంటాడు చూడు" అని మీరనుకుంటుంటే, అనను. ఊరు చూశాకే ఊరు దాటాలనేది పిసినారి నీతి. కానీ గండికోటని వేరే కారణానికి తలుచుకోవాలి. అక్కడ మనం టూరిస్టులం కాదు, చూడబడేవాళ్ళం. బ్రోచర్లో మన లోయకి "ఇండియా గ్రాండ్ కేనియన్" అని పేరు. ఇంకెవరి లోయ పేరో తగిలించుకుంటే తప్ప పెన్నా కోసిన రాయికి విలువ లేదన్నమాట. 2024 నవంబరులో కేంద్రం గండికోట టూరిజానికి 77.91 కోట్లు మంజూరు చేసింది. వీకెండ్‌కి బెంగళూరు కార్లొస్తాయి, గుడారాలు లేస్తాయి, తెల్లారేసరికి రాళ్ళ మధ్య సీసాలుంటాయి. అదే పెన్నా మీద కాస్త పైన 26.85 టీఎంసీల గండికోట రిజర్వాయరుంది. దాన్ని నింపేటప్పుడు, 2020లో, తాళ్ళప్రొద్దుటూరు జనం పరిహారం పూర్తిగా అందకుండా నీళ్ళు వదలొద్దని ధర్నాలకి కూర్చున్నారు. నీళ్ళు ఆగలేదు. సూర్యోదయం ఫొటో తీసుకునే బెంగళూరు కుర్రాడి ప్లాన్‌లో తాళ్ళప్రొద్దుటూరు ఉంటుందా? ఉండదు. మనకది మంట. అట్లాంటప్పుడు, బాలిలో వరిమళ్ళని మింగి లేచిన విల్లాలో ఈత కొడుతూ మనకి మాత్రం ఆ మంట ఎందుకు గుర్తురాదు? ఫీఫీ దీవుల్లో మాయా బే పగడపు దిబ్బలు జనం తాకిడికి చచ్చిపోతుంటే 2018లో దాన్ని మూసేశారు. తెరిచింది 2022లో. ఆ మూడున్నరేళ్ళూ మన ఏజెంట్లు కట్టిన ఫిర్యాదు ఒకటే: "ప్యాకేజీలో ఒక పాయింటు తగ్గింది."

"ఏడాదంతా మేనేజర్ తిట్లు తిని నాలుగు రోజులు బీచ్‌లో పడుకుంటే నీకేం నొప్పి?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. పడుకోండి. ఏమీ చేయకుండా ఉండే హక్కు కోసం కూడా జనం కొట్లాడారు. అయితే మన ప్లాన్లలో పడుకోవడం యాడుంది? పొద్దున ఆరింటికి స్పీడ్‌బోటు, తొమ్మిదికి దీవి, పన్నెండుకి ఇంకో దీవి, సాయంత్రం షో. ఆఫీసు క్యాలెండర్‌ని తీసుకుపోయి సముద్రపొడ్డున పరిచినట్టు. విశ్రాంతీ దొరకదు, దేశమూ దొరకదు.

సాహిత్యం చదివే మనం దీనికి అతీతులమనుకోవద్దు. ఇప్పుడొస్తున్న తెలుగు యాత్రా వ్యాసాలు చాలావరకు అదే ఐటినరరీకి క్రియాపదాలు తగిలించినవి. దిగాము, తిన్నాము, చూశాము, అలసిపోయాము. దీనికి విరుగుడు మన భాషలోనే ఉంది. మద్రాసు సుప్రీంకోర్టు ఇంటర్‌ప్రిటర్ ఏనుగుల వీరాస్వామయ్య సెలవు పెట్టి 1830 మే 18న బయల్దేరారు, కడప మీదుగా కాశీ పోయి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది. ఆయనకీ ప్లాన్ ఉంది, పల్లకీ ఉంది, వెంట పెద్ద పరివారం ఉంది. అయినా ఏ ఊళ్ళో నీళ్ళెట్లా ఉన్నాయి, అంగళ్ళలో ఏం దొరుకుతుంది, దారి ఎట్లాంటిది, జనం ఎట్లా బతుకుతున్నారు అని రాసుకుంటూ పోయారు. తన సౌకర్యం కోసం మొదలుపెట్టిన వివరం దేశం గురించిన వివరంగా మారిపోయింది. అంతకుముందు, 1652లో, తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి మా గండికోటకే వచ్చాడు. వచ్చింది అమ్ముకోవడానికి. అయినా మీర్ జుమ్లా కాళ్ళవేళ్ళ మధ్యా చేతివేళ్ళ మధ్యా కాగితాలు ఇరికించుకుని దర్బారు నడపడం చూసి రాసిపెట్టాడు. లాభానికొచ్చినోడికి కనపడింది, సరదాకి పోయిన మనకి ఏమీ కనపడకపోవడం ఏంటి?

అందుకే నేనడిగేది పెద్దదేం కాదు. ఈసారి ప్లాన్ చేసేటప్పుడు రెండు దీవులు కొట్టేయండి. ఆ చోట ఒక ఖాళీ పూట పెట్టండి. ఆ భాషలో ఇరవై మాటలు నేర్చుకుని పోండి, ధరలు అడగడానికి ఒక్కదానికే కాదు. ఆ దేశపు రచయిత పుస్తకం ఒకటి చదవండి. రోట్లో దంచింది తినండి, నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. గది సర్దే మనిషికి ఊరుందని గుర్తుపెట్టుకోండి. తిరిగొచ్చినాక మా ఊళ్ళో ఎవరైనా "యాడికి పోయొచ్చినావబ్బా?" అంటే ఎంతయిందో చెప్పకుండా, ఎవరు కలిశారో ముందు చెప్పండి.