గోదావరికి నత్తనడక నేర్పిన స్లైడ్

మొన్న ఆదివారం పొద్దున్నే బూర్గంపాడు నుంచి మా అక్క కూతురి ఫోన్. ‘‘మామయ్యా, నా లెక్కలో గోదావరి సెకనుకి సెంటీమీటర్ కూడా నడవట్లేదు. ఎక్కడో తేడా కొట్టింది, ఒకసారి చూడవా?’’

తను సివిల్ ఇంజినీరింగ్ చదువుతోంది. మర్నాడే సెమినార్. వరదలో నది వేగాన్ని ఎలా లెక్కగడతారన్నది టాపిక్. తనే ఎంచుకుంది. ఎందుకని నేను అడగలేదు. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకి! అటు గోదావరి, ఇటు కిన్నెరసాని, ఆ రెంటి దాపున ఊరు. ఆ వారమంతా వీళ్లు పాల్వంచలో మా ఇంట్లోనే ఉన్నారు.

స్లైడ్ వాట్సాప్‌లో పంపింది. అందులో ఉన్నది మానింగ్ సూత్రం. రాబర్ట్ మానింగ్ అనే ఐర్లండ్ ఇంజినీరు 1889లో చెప్పింది, ఇప్పటికీ కాలవల దగ్గర్నుంచి నదుల దాకా వాడుతున్నారు. వేగం కావాలంటే మూడు సంగతులు తెలియాలి. ఆర్ అంటే వెడల్పాటి నదిలో దాదాపు నీటి లోతు. ఎస్ అంటే వాలు. ఎన్ అంటే నది అడుగు ఎంత గరుకుగా ఉందన్నది. ఆర్‌కి పవర్ 2/3, ఎస్‌కి పవర్ 1/2, రెండూ గుణించి ఎన్‌తో భాగించాలి.

స్లైడ్‌లో ఆ పవర్లు లేవు. 2/3, 1/2 అక్షరాల పక్కనే కింద కూర్చున్నాయి. సంగతేంటంటే, ఫ్రెండ్ నోట్స్‌లోంచి కాపీ చేసి గ్రూపులో పెట్టింది, అక్కడ్నుంచి ఈమె స్లైడ్‌లో పేస్ట్ చేసింది. మామూలు మెసేజ్‌గా మారేసరికి పైన ఉండాల్సిన అంకెలు కిందికి దిగిపోయాయి. తను స్లైడ్‌లో ఉన్నది ఉన్నట్టు క్యాలిక్యులేటర్‌లో కొట్టేసింది.

లెక్క తేలిగ్గా ఉండాలని ఆర్ 8 మీటర్లు, ఎస్ 0.0001, ఎన్ 0.03 అనుకున్నాం. 8 పవర్ 2/3 అంటే 4. 0.0001 వర్గమూలం 0.01. వేగం సెకనుకి సుమారు 1.33 మీటర్లు. అదే పవర్ల బదులు గుణకారం చేస్తే? 5.33ని 0.00005తో గుణించి 0.03తో భాగిస్తే 0.0089 మీటర్లు. వరద గోదావరి కంటే మా ఇంటి చీమ ఫాస్ట్!

ఈమె తప్పు పట్టుకుంది, ఎందుకంటే ఆ నదిని చూసిన పిల్ల. చూడనివాళ్లు ఆ జవాబు పట్టుకెళ్లి చెప్పేస్తారు.

ఇక ల్యాప్‌టాప్ ముందేసుకుని వీడియో కాల్. పవర్‌పాయింట్‌లో ఆల్ట్ పట్టుకుని సమానం గుర్తు నొక్కితే ఈక్వేషన్ పెట్టె వస్తుంది. అందులో ఆర్, తర్వాత టోపీ గుర్తు, బ్రాకెట్లో 2/3 కొట్టి స్పేస్ నొక్కండి. బ్రాకెట్ మాయమై భిన్నం తన చోటికి తనే ఎక్కి కూర్చుంటుంది. భిన్నాలకి కూడా అంతే, గీత కొట్టి స్పేస్. చాలామంది ఇది తెలీక టెక్స్ట్‌బుక్ ఫొటో తీసి అతికిస్తారు. (నేనూ అతికించినవాణ్నే.) అది ప్రొజెక్టర్ మీద మసకబారుతుంది. పైగా ఫొటోలో తప్పుంటే దిద్దే దారి లేదు. గూగుల్ స్లైడ్స్ వాడేవాళ్లకి ఏళ్లతరబడి ఇదే బాధ: డాక్స్‌లో ఈక్వేషన్ సౌకర్యం ఇచ్చారు, స్లైడ్స్‌లో ఇవ్వలేదు. అందుకే లెక్కల స్లైడ్లు ఎక్కువగా చేసేవాళ్లు లేటెక్‌లో బీమర్ నేర్చుకుంటారు. ఒక రాత్రిలో వచ్చే విద్య మాత్రం కాదు.

ఇంకో రెండు మార్పులు చేయించాను. సూత్రం కింద ఆ అంకెలతో ఒక లెక్క చేసి చూపించమన్నాను. పవర్ జారితే జవాబే అరిచి చెబుతుంది. కాలేజీ కంప్యూటర్లో ఏ సాఫ్ట్‌వేర్ ఉంటుందో తెలీదు కాబట్టి పీడీఎఫ్ కూడా పెట్టుకోమన్నాను.

అంతా అయ్యాక వెనక నుంచి మా అక్క గొంతు: ‘‘ఆ ఎన్ ఏందే?’’

‘‘నది అడుగు గరుకుతనం అమ్మా. రాళ్లు, చెట్లు...’’

‘‘అంటే వాగులో తుప్పలుంటే నీళ్లు మెల్లగా పోతాయనేగా! దానికి ఎన్ అని రాస్తే మాకేం తెలుస్తది?’’

సోమవారం స్లైడ్‌లో ఎన్ పక్కన బాణం గీసి ‘రాళ్లు, తుప్పలు’ అని తెలుగులో రాసి ఉంది.